అత్తమ్మ ఉంచుకున్న సగం రాయి

పంజగుట్టలో మా సందు చివర కొత్త భవనానికి సెల్లార్ తవ్వుతున్నారు. బండను కొట్టే మిషన్ దెబ్బలకి మా పూజగదిలో గంట దానంతటదే మోగుతోంది, నిన్న పొద్దున దేవుడి అరలోంచి ఆకుపచ్చ రాయి దొర్లి నా ఒళ్ళో పడింది. సెల్లార్ లోతుకే ఇంత అవస్థ పడుతున్న మనకి, అరచేతిలో పట్టే ఆ రాయి ఎంత లోతు నుంచి వచ్చిందో చెబితే నమ్మబుద్ధి కాదు.

నేను కొత్త కోడలిగా ఈ ఇంటికొచ్చి, భూగర్భశాస్త్రంలో పరిశోధన చేస్తున్న రోజులవి. పెళ్ళయ్యాక ఇంకా రాళ్ళ చదువేమిటని చుట్టాలంతా బుగ్గలు నొక్కుకుంటుంటే, నన్ను వెనకేసుకొచ్చింది అత్తమ్మ ఒక్కతే. మా ప్రొఫెసర్ గారు దక్షిణ అమెరికా పడమటి అంచున ఒక అగ్నిపర్వతం దగ్గర ఏరి తెచ్చిన ఒకే ఒక్క రాయి మీద నా పరిశోధనంతా ఆధారపడి ఉండేది. దాన్ని కోయించి, వెలుగు దూరేంత పల్చటి పలకగా అరగదీయించాలని ఇంటికి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాను. తెల్లారేసరికి అది పసుపు కుంకుమలతో దేవుడి అరలో కూర్చుని ఉంది. ఏదో క్షేత్రం నుంచి తెచ్చాననుకుందట అత్తమ్మ.

కోయకపోతే నా చదువు ఆగిపోతుంది, కోస్తానంటే ఆ చదువుకి ఇంట్లో ఉన్న ఒక్క అండా పోతుంది.

పక్కన కూర్చుని మెల్లగా చెప్పుకొచ్చాను, అక్కడ సముద్రపు అడుగు నేల ఖండం కిందికి దూరి దిగిపోతుందనీ, వెంట తీసుకెళ్ళిన నీరు పైనున్న రాతిలోకి ఎక్కుతుందనీ, పదుల కిలోమీటర్ల లోతుకి ఎవరూ తవ్వి చూడలేరు గనక, పైకి ఉబికే లావా దారిలో ఊడబెరుక్కొచ్చిన ఇలాంటి ముక్కలే ఆ నేల పునాది గట్టిదో నానిపోయిందో చెప్పాలనీ. అత్తమ్మ లేచి హారతి పళ్ళెం అందుకుంది.

"అయితే భూతల్లి కడుపుల సంగతి చెప్పనీకే గింత దూరం వచ్చిందన్నట్టు. జర ఆగు, హారతిస్త. సగం కోసుకో బిడ్డ, సగం నాకుంచు" అంది.

పలక తయారయ్యాక అమీర్‌పేటలో బస్సు మారి ఆమెను ల్యాబుకి తీసుకెళ్ళాను. మైక్రోస్కోపు కింద రేణువులు రంగురంగులుగా వెలుగుతుంటే, వాటి మధ్య సన్నటి గోధుమరంగు చారలు చూపించాను. నీరు చేరితే తప్ప పుట్టని అభ్రకం అది. ఆ కొండల కింద పునాది పొడిగా, బిగువుగా ఉంటుందనుకున్న మాకు, ఎప్పుడో దిగిపోయిన సముద్రపు తడికి అది మెత్తబడిందని ఆ చారలే చెప్పాయి. అత్తమ్మ కన్ను తియ్యకుండానే చేతులు జోడించింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం తరవాత పట్టా అందుకున్న రోజున కూడా కలగలేదు.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆ నీరు ఎప్పుడు చేరిందో కూడా కొత్త యంత్రాలతో తేల్చవచ్చు, మిగిలిన సగం ఇమ్మని ఎన్నాళ్ళుగానో అడుగుతున్న నా విద్యార్థిని, నిన్న సాయంత్రం మెట్రో దిగి మళ్ళీ వచ్చింది. ఒకప్పుడు కోయనివ్వమని బతిమాలిన నాకే చెయ్యి ముందుకు రాలేదు. ఇన్నేళ్ళుగా నేను పెట్టిన కుంకుమ పొరల కింద, అన్నిటికన్నా అడుగున అత్తమ్మ పెట్టిన బొట్టు ఉంటుంది.

చివరికి హారతిచ్చి ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. "సగం కోసుకో తల్లీ, సగం నాకుంచు" అన్నాను. ఇంట్లో ఇప్పుడు దీపం పెట్టేది నేనొక్కదాన్నే. తిరిగొచ్చే ఆ ముక్కకి నా తరవాత ఎవరు బొట్టు పెడతారో, ఏమో.