ఊక బస్తాల స్టూడియోలో సోమయ్య గొంతు

ఈమధ్య నా పాత విద్యార్థులు ఇద్దరు పాడ్‌కాస్ట్ మొదలుపెడతామని ఫోన్ చేశారు. "టీచర్, గది సౌండ్‌ప్రూఫ్ చేయించాలంటే లక్షలవుతాయట కదా" అని వాళ్ళ దిగులు. నాకు నవ్వాగలేదు. ఇప్పపువ్వు నిలవ చేసుకునే మట్టిగదిలో ఊక బస్తాలు పేర్చి, ఖమ్మం పాత సామాన్ల కొట్లలో ఏరుకొచ్చిన యంత్రాలతో మేమొక స్టూడియో కట్టాం. పాడ్‌కాస్ట్ అనే మాట అప్పటికి మా చెవినైనా పడలేదు. రెండు వేల ఆరు, మే నెలాఖరు. టేకులపల్లి దాటి అడవిలోకి వెళ్ళే దారిలో ఒక కోయగూడెం. అటువైపు రికార్డింగులకు వెళ్ళాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను గానీ, నిజం చెప్పొద్దూ, ఆ రోజును మళ్ళీ ఒకసారి తలుచుకోవాలని నాకే ఉంది.

నాగమణి నా దగ్గర పదో తరగతి చదివింది. తర్వాత ఆ గూడెంలోనే అంగన్‌వాడీ టీచరైంది. జ్వరాల గురించి, పసిపిల్లల తిండి గురించి కోయభాషలో వాళ్ళ ఇప్పపువ్వు గదిలో చిన్న చిన్న కార్యక్రమాలు రికార్డు చేసి, సంత రోజు మైకులో వినిపించాలని ఆమె కోరిక. "తీరిగ్గా చేద్దాంలేవే" అని ఏడాదిపాటు నాన్చింది నేనే. ఒక శుక్రవారం సాయంత్రం టేకులపల్లి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది. "టీచర్, మా నాయినకు గొంతుల గడ్డ ముదిరిందట. సోమవారం హైదరాబాద్ల ఆపరేషన్. ప్రాణానికేం కాదంటున్నరు గని, గొంతుపెట్టె మొత్తం తీసేస్తరట. ఇగ మాట రాదు. గొంతు పొయ్యేలోపు రికార్డు చెయ్యాలె, ఆ గది రేపు తయారు చేద్దామా?" ఆ పిల్ల ఏడవలేదు, అందుకే నాకు ఏడుపొచ్చింది. నా బద్ధకం మీద నాకే ఒళ్ళు మండింది.

వెంటనే జానీ భాయ్ దగ్గరికి పరిగెత్తాను. ఖమ్మంలో ఆయనకు క్యాసెట్ రికార్డింగ్ షాపుండేది. పాటల చీటీ రాసిస్తే సాయంత్రానికల్లా క్యాసెట్టు నింపి ఇచ్చేవాడు. సీడీలొచ్చాక గిరాకీ పోయి, మైకుసెట్లు బాగుచేస్తూ కాలక్షేపం చేస్తున్నాడు. విషయం విని ఒక్క ప్రశ్న అడగలేదు. అటక మీంచి ఒక్కొక్కటే దించాడు. సినిమా ప్రచారం ఆటోలో పన్నెండేళ్ళు అరిచి అరిచి రిటైరైన ఆంప్లిఫయరు, మూతపడ్డ వీడియో సెంటరు నుంచి తెచ్చిన మైకు, ఒక చెవికి మాత్రమే వినిపించే హెడ్‌ఫోను, మూత ఊడిన టూ-ఇన్-వన్ టేప్ రికార్డరు. రాత్రంతా కూర్చుని వాటికి వైర్లు అతికించాడట. పొద్దున బస్టాండులో కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

ఖమ్మం నుంచి ఇల్లెందు మీదుగా టేకులపల్లికి రెండు గంటల పైచిలుకు ప్రయాణం. అప్పట్లో టికెట్టు ముప్ఫై రూపాయల చిల్లర. మేం ఆరుంబావు బస్సెక్కాం. మీరూ అదే వేళకు బయల్దేరండి, ఎండ ముదరకముందే అడవి చేరొచ్చు. కండక్టరు సామాన్లు కుక్కిన మా బియ్యం బస్తాను కాలితో తట్టి చూశాడు. "ఏంది భాయ్, గింత గట్టిగున్నది?" "ఆంప్లిఫయర్ సార్. గొంతు పొయ్యేటాయన కోసం మోస్కపోతున్నం" అని జానీ భాయ్ కథంతా చెప్పాడు. కండక్టరు "లగేజీ టికెట్ కొట్టకుంటే నా నౌకరి పోతది" అని టికెట్టు కొట్టి, ఆ డబ్బులు తన జేబులోంచే సంచిలో వేసుకున్నాడు. ఇల్లెందులో బస్సు ఇరవై నిమిషాలు ఆగింది. అక్కడి పూరీ, ఆలుగడ్డ కూర ఇప్పటికీ నా నాలుక మీద ఉంది.

టేకులపల్లిలో దిగేసరికి ఎనిమిదిన్నర. అక్కడి నుంచి మట్టిదారి. వెంకన్న అనే ఆటో అతనితో రానూపోనూ, మధ్యలో ఆగడానికీ కలిపి నూటయాభైకి మాట్లాడుకున్నాం. దారి పొడుగునా కల్లాల్లో తునికాకు కట్టలు ఆరబోసి ఉన్నాయి. "మెల్లగ పో బిడ్డా, సామాన్లు కదుల్తయి" అని జానీ భాయ్ గుంత గుంతకూ అరుస్తూనే ఉన్నాడు. "రోడ్డేసినోళ్ళకు చెప్పు భాయ్, నాకు గాదు" అన్నాడు వెంకన్న. నా నడుము సంగతి ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు!

గూడెంలో మాకంటే ముందే పని మొదలైంది. ఆడవాళ్ళు గోనె సంచుల్లో వరి ఊక నింపి మూతులు కుడుతున్నారు. ఆ గదికి మూరెడు మందం మట్టిగోడలు, ఒకే తలుపు, లోపలంతా ఇప్పపువ్వు తీపి వాసన. గోడలవెంట బస్తాలు నిలబెట్టి, పైన దూలాలకు పాత బొంతలు వేలాడదీశాం. ఊక బస్తా మోసి చూడండి ఒకసారి, బరువుండదు గానీ దురద మూడు రోజులుంటుంది. పదకొండింటికి జానీ భాయ్ గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాడు. చప్పుడు పుట్టినచోటే ఆగిపోయింది. "మేడం, నా షాపుల గూడ గింత మంచిగ లేకుండె" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

అంతా సిద్ధం. స్విచ్ వేశాడు. హెడ్‌ఫోనులో గుర్ర్‌ర్ మని ఒకటే మోత. మనిషి మాట దాని కింద నలిగిపోతోంది. "ఎర్త్ లేదు. కడ్డీ దిగ్గొట్టి ఉప్పు, బొగ్గు వేస్తే ఐదు నిమిషాల్ల పోతది" అని ఇనుప కడ్డీ, సుత్తి తీసుకుని గది వెనక్కి వెళ్ళాడు. "కొట్టు భాయ్, జల్దీ" అన్నాను నేను, అన్నీ తెలిసినదానిలా.

"ఆగుండ్రి!"

చూరు కింద మంచం మీద కూర్చున్న సోమయ్య లేచి నిలబడ్డాడు. నాగమణి నాయన ఆయనే. ఆ ఊరి పూజారి కూడా ఆయనే. గొంతు అప్పటికే బొంగురుపోయింది. "భూమి పండుగ కాలే. పండుగ కాకముందు భూమిల ఇనుము దించొద్దు. నాగలి గూడ దించం."

"పండుగ ఎప్పుడు?" అని అడిగాను. వచ్చే బుధవారమట. ఆపరేషన్ సోమవారం.

సోమయ్య భార్య జోగమ్మ చేతిలో చాట విసిరికొట్టింది. "పూజారివి నువ్వే గదనయ్యా! ఇయ్యాల్నే పండుగ అను. ఎవ్వలు కాదంటరు? నీ గొంతు కోసమే గద ఇంతమంది వచ్చిండ్రు!"

"నేను పూజారిని గాబట్టే అనొద్దు" అన్నాడాయన. "నా గొంతు కోసం నేను కట్టు తెంపితే, రేపు ఇంకొకడు ఆని పొలం కోసం తెంపుతడు. అప్పుడు నేనేమని అడ్డుకోవాలె?"

నేను ఊరుకోవాల్సింది. నోరు జారాను. "ఒక్క కడ్డీయే కదా సోమయ్యా, మూడడుగులు." ఆయన కోపం తెచ్చుకోలేదు. "టీచరమ్మా, పరీచ్చల ఒక్క ప్రశ్నే గద అని నువ్వు ఒక పిల్లగానికి జవాబు చెప్తవా?" అన్నాడు. జానీ భాయ్ కడ్డీని తెచ్చి గోడకు ఆనించాడు, నేలకు తగలకుండా కింద ఒక చెక్క ముక్క కూడా పెట్టాడు.

మరో రెండు గంటలు జానీ భాయ్ చేయని ప్రయత్నం లేదు. ప్లగ్గు తిప్పి పెట్టాడు, వైర్లు మార్చాడు, ఇంట్లోని ఇనుప బీరువాకు తీగ చుట్టాడు. మోత మోతే. నాగమణి గుమ్మంలో కూర్చుని మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది, ఆ చూపు తట్టుకోలేక నేను వైర్లు పట్టుకుని ఏదో సాయం చేస్తున్నట్టు నటించాను. జోగమ్మ కోపమంతా మింగి చింతచిగురు పప్పుతో అన్నం పెట్టింది. అంతలో బయట వెంకన్న హారన్ కొట్టాడు. "మేడం, ఇంకెంతసేపు? నాకు వేరే కిరాయి ఉన్నది!"

ఆ హారన్ విని జానీ భాయ్ చేతిలో ముద్ద ఆగిపోయింది. ఎడమచేత్తో నెత్తి కొట్టుకున్నాడు. "యా అల్లా, ఎంత పిచ్చోణ్ణి! గిది పన్నెండేండ్లు ఆటో బ్యాటరీ మీదనే బతికింది గద! దీనికి కరెంటెందుకు, ఎర్తెందుకు?"

సంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. వెంకన్న మాత్రం మొరాయించాడు. "బ్యాటరీ దిగితే నా బండి ఎట్ల కదుల్తది?" "ఊరంతా కలిసి తోస్తం, టేకులపల్లి దాకా తోస్తం" అని ఆడవాళ్ళు అతని చుట్టూ చేరారు. అంతమంది ముందు కాదనలేక తానే స్పానరు తీశాడు. టేప్ రికార్డరుకు ఆరు పెద్ద సెల్లులు కావాలి. నాగమణి ఇల్లిల్లూ తిరిగి టార్చిలైట్లలోంచి సెల్లులు ఊడదీసి కొంగులో పోసుకొచ్చింది. స్విచ్ వేశాడు జానీ భాయ్. హెడ్‌ఫోను నా చెవికి పెట్టాడు. మోత లేదు. సోమయ్య ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది.

నేను రాత్రి రాసుకున్న పాటల జాబితా తీశాను, విత్తనాల పాట, పెళ్ళి పాట, అలా పదకొండు. సోమయ్య ఆ కాగితాన్ని మడిచి నా చేతిలోనే పెట్టాడు. "పాటలు ఊరందరికి వస్తయి. నేను లేకున్నా పాడ్తరు. నా పిలుపే ఎవ్వరికి రాదు. పిలుస్త, పట్టుకోండ్రి."

పిలవడం మొదలుపెట్టాడు. "హో... ఎర్రోడా, మైలోడా, దా... దా..." అని ఎడ్లను. "నాగీ, లెవ్వు బిడ్డా, బడికి యాళ్ళయితంది" అని కూతుర్ని, ఆ పిల్లకు ఆరేళ్ళప్పుడు పిలిచినట్టుగా. "ఓ బావా, చేపలు పడ్డయా?" అని వాగు అవతలి బావమరిదిని. మధ్యలో దగ్గొస్తే దగ్గాడు. ఇంతసేపూ గట్టిగా ఉన్న నాగమణి ఊక బస్తాకు ముఖం ఆనించి, చప్పుడు రాకుండా ఏడ్చింది. చివరికి నెమ్మదిగా, "జోగీ..." అన్నాడు.

బయట అంట్లు తోముతున్న జోగమ్మ, "ఆఁ, ఏందయ్యా?" అని గట్టిగా పలికింది. తలుపుకు వేలాడేసిన బొంత దాటి ఆ మాట మైకులో పడిపోయింది. జానీ భాయ్ తల పట్టుకున్నాడు. "అమ్మా, రికార్డింగ్ నడుస్తుంది! మళ్ళీ చేద్దాం అన్నా, వెనక్కి తిప్పుత." సోమయ్య నవ్వాడు. "ఉండనియ్యి. పిలిస్తే పలకాలె గద."

సాయంత్రం యంత్రాలన్నీ అక్కడే వదిలి, క్యాసెట్టు జోగమ్మ చేతికిచ్చి బయల్దేరాం. అన్నమాట ప్రకారం ఊరంతా ఆటోను దిగుడు దారి మొదలయ్యేదాకా తోసింది. బుధవారం పండుగకు సోమయ్య బదులు ఆయన తమ్ముడు పూజ చేశాడు, అదయ్యాక ఆ కడ్డీని ఊరివాళ్ళే దిగ్గొట్టారు. నాగమణి కార్యక్రమాలు అక్కడ మూడేళ్ళు నడిచాయి. తర్వాత ఎలుకలు ఊక బస్తాలన్నీ కొట్టేశాయి, అది వేరే కథ.

వానలు తగ్గాక నేను మళ్ళీ వెళ్ళాను. సోమయ్య మెడకు తెల్లగుడ్డ చుట్టుకుని చూరు కింద కూర్చున్నాడు, పక్కన జానీ భాయ్ టేప్ రికార్డరు. నన్ను చూసి చెయ్యూపాడు. నేనొచ్చానని లోపలికి చెప్పాలి. ఎప్పుడూ ఆ పిలుపు దగ్గరికే తిప్పి ఉంచుతాడు కాబోలు, మీట నొక్కాడు. "జోగీ..." అంది ఆయన గొంతు. "ఆఁ, ఏందయ్యా?" అని క్యాసెట్టులో ఒక జోగమ్మ, పొయ్యి దగ్గర ఒక జోగమ్మ ఒకేసారి పలికారు. సోమయ్య భుజాలు కదిలేలా, చప్పుడు లేకుండా నవ్వాడు. రోజుకు ఎన్నిసార్లు నొక్కుతాడో లెక్కలేదని, ఒక్కసారి కూడా తను పలక్కుండా ఉండలేదని ఆమె నాతో చెప్పింది. ఇప్పుడు అందరి జేబుల్లోనూ అంతకంటే మంచి స్టూడియోలున్నాయి. నాకు మాత్రం ఆ ఒక చెవి హెడ్‌ఫోను మీదే ప్రాణం.

ఇక వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. రికార్డింగ్ అయిన రోజునే, ఆ ఇంట్లోనే, ఒక కాపీ వాళ్ళ చేతిలో పెట్టి, ఎలా మోగించాలో చూపించి రండి. ఇంటికెళ్ళి శుభ్రం చేసి పంపుదాం అనుకోవద్దు. అక్కడ ఎవరో ఆ పిలుపు కోసం ఎదురుచూస్తూ ఉంటారు.