కొండ రైలు తాతగారు

కెనడాలోని వాటర్లూలో నేను చదువుకునే రోజుల్లో అద్దెకున్న ఇంటి తాతగారు పోయారు. మార్కమ్‌లో ఆఫీసు లంచ్‌రూమ్‌లో అన్నం డబ్బా మైక్రోవేవ్‌లో పెట్టి నిలబడి ఉండగా, ఆ ఇంటి ఓనర్ ఆంటీ నుంచి మెసేజ్ వచ్చింది. ‘నాన్న పొద్దున వెళ్ళిపోయారు. నీకు తప్పకుండా చెప్పమన్నారు.’ వెనక ఎవరో తమ వంతు కోసం చూస్తున్నారు. నేను డబ్బా అక్కడే వదిలేసి బయటికి వచ్చేశాను.

ఆయన నాకు చుట్టం కాదు. చిత్తూరు వైపు మనిషి. ఉద్యోగమంతా నీలగిరి కొండ రైల్లో, మొదట బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా, తర్వాత డ్రైవరుగా. భార్య పోయాక కూతురి దగ్గరికి కెనడా వచ్చారు. మన పిల్లలు విమానాలకు విమానాలు దిగుతున్న రోజులవి. ఏ బస్సెక్కినా వెనక సీట్లో ఎవరో ఒకరు తెలుగులో ఇంటికి ఫోన్ చేస్తూ ఉండేవారు. ఆ ఇంటి బేస్‌మెంట్‌లో మేం ఐదుగురం ఆడపిల్లలం ఉండేవాళ్ళం. ఉన్న ఒక్క కిటికీ మంచు పడితే మూసుకుపోయేది.

పైన వంటగది గోడకి ఆయన ఇంజిన్ ఫోటో ఒకటి ఉండేది. పొట్టి ఇంజిన్. నీళ్ళ ట్యాంకులు దాని పక్కలకే తగిలించి ఉంటాయి. ఫోటోలో మీరెక్కడ ఉన్నారని అడిగితే, “లోపల పనిలో ఉండా. నేనూ ఫోటోకి నిలబడితే నిప్పు ఎవరు చూస్తారు?” అన్నారు. కొండెక్కేటప్పుడు ఆ ఇంజిన్ ముందుండి లాగదట, వెనక నుంచి పెట్టెల్ని తోస్తుందట. అందుకని డ్రైవరుకి దారి కనిపించదు. మొదటి పెట్టెలో నిలబడ్డ మనిషి పచ్చజెండా ఊపితే, దాన్ని నమ్ముకుని తోయడమే. ఇన్నేళ్ళూ దారి చూడకుండానే కొండెక్కానని ఆయన కొంచెం గర్వంగానే చెప్పుకునేవారు.

చాదస్తం కూడా తక్కువేం కాదు. జేబులో ఎప్పుడూ పాత బనియను గుడ్డ ఒకటి ఉండేది. దానితో మా కుళాయిలు, స్టవ్వు, చివరికి మా చెప్పుల స్టాండు కూడా తుడిచేవారు. మెట్ల దగ్గర దగ్గు వినిపిస్తే ‘ఇన్‌స్పెక్షన్ వచ్చింది’ అని గుసగుసలాడుకుని, గిన్నెలు మంచం కిందికి తోసేవాళ్ళం. ఎలా ఉన్నారని ఆయన ఎప్పుడూ అడిగేవారు కాదు. పొద్దున ఏం తిన్నారని అడిగేవారు. ఆ ప్రశ్నకి మాకు చిరాకొచ్చేది.

రెండో సెమిస్టర్‌లో నేను రెండు సబ్జెక్టులు తప్పాను. ఇక్కడ ఉండనిచ్చే స్టడీ పర్మిట్ ఏమవుతుందో అని భయం. నిజామాబాద్‌లో అమ్మకి చెప్పలేక, రూమ్‌మేట్లకీ చెప్పలేక, క్లాసులు మానేసి మంచం ఎక్కాను. అమ్మ వీడియో కాల్ చేస్తే మాత్రం జుట్టు దువ్వుకుని కూర్చుని నవ్వేదాన్ని. అలా పన్నెండు రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం అందరూ బయటికి వెళ్ళాక తాతగారు కిందికి దిగారు.

“ఏమ్మా, పొద్దున ఏం తింటివి?”

“ఉప్మా చేసుకున్న తాతగారూ.”

“రవ్వ డబ్బా ఇట్లా తే, చూస్తాను.”

డబ్బా ఖాళీగా ఉంది. ఆయన కోప్పడలేదు. మోకాళ్ళు పట్టుకుని మెట్టు మీద కూర్చున్నారు. బాయిలర్‌లో నీళ్ళెన్ని ఉన్నాయో చూసేందుకు ఇంజిన్లో ఒక గాజు గొట్టం ఉంటుందట. కొండ మీద ఇంజిన్ వాలుగా ఉంటుంది కాబట్టి నీళ్ళన్నీ ఒక పక్కకి చేరతాయట. గొట్టంలో నిండుగా కనిపిస్తాయి, లోపల అడుగంటి ఉంటాయి. అది నమ్మి కూర్చుంటే బాయిలర్ పేలుతుంది. “రైలు సమంగా నిలబడిన చోట చూస్తేనే అసలు సంగతి తెలిసేదమ్మా. నువ్విప్పుడు వాలులో ఉండావు. నీ నవ్వు నేను నమ్మను,” అన్నారు. నేను ఏడ్చేశాను. అంతా చెప్పేశాను.

ఆ రోజు నుంచి రోజూ ఒక గిన్నెలో చారన్నం కిందికి వచ్చేది. కాలేజీలో అడ్వైజర్‌ని కలవడానికి నాతో బస్సులో వచ్చి, ఇంగ్లీషు సరిగా రాదు కనుక బయట కుర్చీలో, బనియను గుడ్డ చేతిలో నలుపుకుంటూ గంటన్నర కూర్చున్నారు. ఆ సబ్జెక్టులు మళ్ళీ రాశాను, పాసయ్యాను. ఈ రోజు నాకంటూ ఒక ఉద్యోగం ఉందంటే ఆ ఖాళీ డబ్బా చూసిన మనిషి వల్లే.

పోయిన నెల ఫోన్ చేశాను. మీటింగ్‌కి ఇంకా పది నిమిషాలుంది. ఎలా ఉన్నారని అడిగాను. “నాకేమమ్మా, బాగుండాను. చలి తగ్గింది,” అన్నారు. గొంతు కొంచెం బొంగురుగా ఉంది. జలుబేమో అనుకున్నాను. ఏం తిన్నారని అడగలేదు. మళ్ళీ చేస్తానని పెట్టేశాను.

దహనం అయ్యాక ఆంటీతో ఇంటికి వెళ్ళాను. గొంతులో పుండు లేచి చలికాలం మొదట్లోనే ముద్ద దిగడం ఆగిపోయిందని, అప్పటి నుంచి జావే తాగారని ఆంటీ చెప్పింది. బేస్‌మెంట్‌లో ఉండి వెళ్ళిన పిల్లలెవరికీ చెప్పవద్దన్నారట, పరీక్షలూ ఉద్యోగాలూ ఉంటాయని.

ఆయన గది కిటికీ గట్టు మీద ఒక గాజు గ్లాసు ఉంది. దాని మీద ఒకదాని కింద ఒకటిగా సన్నటి తెల్ల టేపు ముక్కలు అంటించి ఉన్నాయి. ప్రతి ఆదివారం ఆయనే అంటించుకునేవారట, ఆ వారం ఎంతవరకు పోసిన జావ తాగగలిగితే అంతవరకు. పై ముక్క అంచు దగ్గర ఉంది. చివరిది అడుగు నుంచి వేలెడు ఎత్తులో కూడా లేదు. గ్లాసు కదలకుండా, సమంగా నిలబడేలా, దాని కింద బనియను గుడ్డ మడిచి పెట్టి ఉంది.