తోక లేని పేలిక

నా చిన్నప్పుడు ఒకసారి లారీ ఇంజను కడుపులో చెయ్యి పెట్టాను. ఈ సంగతి నేనుగా ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆనాడు అక్కడున్న ఇద్దరికి తెలుసు, అంతే. ఆడపిల్ల మోటారు సామాను ముట్టుకుందని తెలిస్తే మా అమ్మమ్మ తలస్నానం చేయిస్తేగాని ఇంట్లోకి రానిచ్చేది కాదు. పైగా ఎవరైనా ఎందుకు ముట్టుకున్నావని అడిగితే జవాబు చెప్పడం నావల్ల అయ్యే పని కాదు. చుట్టాలు వస్తే గాదె వెనక నిలబడి, వాళ్ళు వెళ్ళాక బయటికి వచ్చేదాన్ని.

నేను సిద్దిపేటలో అమ్మమ్మ దగ్గర పెరిగాను. మా మేనమామకు ఒక పాత లారీ ఉండేది. యుద్ధం రోజులు కావడంతో పెట్రోలు దొరికేది కాదు. లారీకి పీపా లాంటి ఒక పొయ్యి బిగించి, అందులో బొగ్గులు కాల్చి, ఆ పొగతోనే బండి నడిపేవాళ్ళు. బండి నడిచేది గాని, బొగ్గు నుసి మెల్లమెల్లగా ఇంజనులోకి చేరేది. ఒకరోజు దుబ్బాక నుంచి వస్తుంటే దారిలోనే ఇంజను పట్టేసింది. తిరిగే ఇరుసుకు ఆనుకుని ఉండే బేరింగులు కాలిపోయాయట. ఎడ్లను కట్టి లారీని ఊళ్ళోకి లాక్కొచ్చారు.

ఆ రాత్రి అన్నం తింటూ మామ, "బండి బాగుగాకుంటె నేను పల్టన్ల డ్రైవర్‌గ పోత. ఆడ డ్రైవర్లు కావాల్నంటున్రు" అన్నాడు. ఎవరి మీదా కోపం లేకుండా, రేపు సంతకు పోతానన్నట్టు చెప్పాడు. అమ్మమ్మ నోట్లో పెట్టుకోబోయిన ముద్దను తిరిగి కంచంలో పెట్టేసింది. పల్టన్‌కు, అంటే సైన్యంలోకి పోయిన పక్క వీధి అబ్బాయి సంగతి మళ్ళీ తెలియలేదు. అందుకే ఆ ఇంజను నాకు వట్టి ఇనుము కాదు. అది తిరిగితే మామ ఇంట్లో ఉంటాడు, తిరగకపోతే ఉండడు.

బాగుచేసే పని పక్కింటి మిస్త్రీ చాచా తీసుకున్నాడు. ఆయన పెరట్లో ఒక రేకుల కొట్టం ఉండేది. అందులో చెక్క దిమ్మల మీద ఇంజనును వెల్లకిలా పడుకోబెట్టారు. తన దగ్గరున్న తెల్ల లోహాన్ని చాచా కరిగించి, పోసి, కొత్త బేరింగులు తయారుచేశాడు. ఆ లోహం అంతటితో అయిపోయింది. యుద్ధం ముగిసేదాకా పట్నంలో కూడా దొరకదన్నారు. ఇవి గనక కాలిపోతే ఇక లారీ లేదన్నమాట.

నేను ఆ కొట్టంలోకి వెళ్ళింది మాత్రం ఇంజను కోసం కాదు, కాగితాల కోసం. విప్పిన సామానునంతా చాచా పాత తెలుగు పత్రికల్లో చుట్టి పెట్టేవాడు. మా ఇంట్లో చదవడానికి ఏమీ ఉండేది కాదు. నేను ఒక మూల కూర్చుని నూనె మరకల మధ్య అక్షరాలు వెతుక్కునేదాన్ని. ఎందుకొచ్చావని చాచా ఒక్కసారి కూడా అడగలేదు. కాని నేను ఏదైనా కాగితం చదువుతూ ఉంటే, దాన్ని వదిలేసి మరో కాగితంలో సామాను చుట్టేవాడు. కొన్నాళ్ళకు నేను కాగితం పక్కన పెట్టి ఆయన చేతులనే చూడటం మొదలుపెట్టాను.

చాచా పని చూడముచ్చటగా ఉండేది. ఇంజనులో ఒకేలా కనిపించే బిళ్ళలను చూపించి, "చూస్తె అన్ని ఒక్కతీరె ఉంటయి బేటీ. ఒకరి చెప్పు ఒకరు తొడుక్కుంటె నడుస్తరా?" అనేవాడు. విప్పేముందే ప్రతిదాని మీదా చిన్న చుక్క కొట్టి, ఆ చుక్క చూసుకునే తిరిగి పెట్టేవాడు. బిగించేముందు ప్రతి బేరింగుకూ అరచేత్తో నూనె రాసేవాడు. పసిపిల్లకు ఒళ్ళు రుద్దినట్టే ఉండేది. అన్నిటికన్నా నాకు వింతగా తోచింది పేలికల సంగతి. ఇంజనులో నూనె పారడానికి సన్నని దారులుంటాయి. పని జరిగేటప్పుడు వాటిలో దుమ్ము పడకుండా పేలికలు కుక్కుతారు. చాచా దుబ్బాక మగ్గాల దగ్గర మిగిలిన పొడుగాటి గుడ్డ ముక్కలు తెప్పించేవాడు. ఏ పేలిక కుక్కినా జానెడు తోక బయటికి వేలాడాలి. "పెద్ద సామాను ఎవరు మరువరు. మరిచేది గీ పేలికనే. తోక కండ్లవడితె యాదికొస్తది" అనేవాడు.

ఇంజను మూసే రోజు వచ్చింది. మామకు కాలు ఒకచోట నిలవడం లేదు. జొన్నల బస్తాలు సిద్ధంగా ఉన్నాయనీ, రేపు పొద్దున బండి రాకపోతే వేరేవాళ్ళకు ఇస్తాననీ వ్యాపారి కబురు పెట్టాడు. చాచా లారీ పొయ్యిని దులుపుతూ అటు తిరిగి ఉన్నాడు. గాలికి నుసి లేస్తోంది. మామ గబగబా తన భుజం మీది తువ్వాలు కొస చింపి, పక్కనున్న నూనె దారిలో వేలితో కుక్కాడు. దానికి తోక లేదు. తర్వాత ఇరుసు ఎత్తి పెట్టి బిగించే హడావిడిలో పడి మరిచిపోయాడు. తోకలున్న పేలికలన్నీ చాచా లాగేశాడు. ఆ ఒక్కటి లోపలే ఉండిపోయింది.

అడుగు మూత పెట్టేముందు చాచా ఎప్పటిలాగే ఆగాడు. "ఇంక లోపల ఏమన్న మిగిలిందా?"

"ఏం మిగుల్తది చాచా? నేను ముసలోణ్ణయ్యేదాక అడుగుతనే ఉంటవా? మూసెయ్ జెల్ది" అన్నాడు మామ.

మామ ఆ గుడ్డ కుక్కడం నేను మూలనుంచి చూశాను. చెప్పాలి. కాని చెబితే మామ తప్పు చాచా ముందు బయటపడుతుంది. ఇంతమంది పెద్దవాళ్ళ పనిలో నేను నోరు తెరవడమా? నిజానికి అక్కడున్నది ఇద్దరే. నాకు మాత్రం ఊరంతా ఉన్నట్టే అనిపించింది. చాచా నా వైపు ఒక్క చూపు చూసి, చేతిలోని పానా కింద పెట్టేశాడు.

"చాయ్ తాగొస్త."

"ఇప్పుడే గదా తాగినవ్!"

"గది నీ తొందరకు తాగిన చాయ్. గిప్పుడు నా చాయ్ తాగుత. నువ్వు బొగ్గులు తేపో." వెళుతూ వెళుతూ నాతో, "బేటీ, కోళ్ళు రాకుంట చూడు" అన్నాడు.

కొట్టంలో నేనూ ఇంజనూ మిగిలాం. ఇరుసు పక్కనుంచి చెయ్యి లోపలికి పోనిచ్చాను. చల్లగా, ఆముదంలా జిగటగా ఉంది. మగవాళ్ళ వేళ్ళు పట్టని సందులో నా చూపుడు వేలు పట్టింది. గుడ్డ అంచు తగిలింది. గోటితో గీరి లాగాను. వచ్చింది. తీరా చూస్తే సగమే. చివర పీలికలు పీలికలుగా తెగి ఉంది. మళ్ళీ వేలు పెడితే ఏమీ అందలేదు. మిగతాది నేనే ఇంకా లోపలికి నెట్టినట్టున్నాను.

మామ బొగ్గుల గంపతో వచ్చాడు. వెనకే చాచా మీసం తుడుచుకుంటూ వచ్చాడు. మామ మూత చేతిలోకి ఎత్తాడు.

"మామా, ఆగు."

అది నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చింది. గుడ్డ ముక్క చూపించాను. "సగమే వచ్చింది."

"ఎక్కడిది గది?"

"నీ తువ్వాలే. నువ్వే వెట్టినవ్. నేను జూసిన."

మామ తన భుజం మీది తువ్వాలు చూసుకున్నాడు. ముఖం ఎర్రబడింది. నన్ను కొడతాడేమో అనుకున్నాను. చాచా మాత్రం మామ వైపు చూడనే లేదు. నా పక్కన గొంతు కూర్చుని, తోటి మిస్త్రీని అడిగినట్టు అడిగాడు. "ఏ తొవ్వల? ఎంత లోపటికి పోయింది?" నేను వేలితో చూపించాను.

బిగించినదంతా మళ్ళీ విప్పారు. ఇరుసు బయటికి తీశారు. అవతలి వైపు నుంచి తీగ పెట్టి నెట్టగా నెట్టగా, నల్లగా నానిన ఎలుకపిల్లలా ఆ ముక్క బయటికి జారింది. చాచా దాన్ని మామ అరచేతిలో పెట్టాడు. అది లోపలే ఉండి ఉంటే నూనె అందక, బండి ఊరు దాటకుండానే బేరింగులు మళ్ళీ కాలిపోయేవి.

నేను ఇంటికి వెళ్ళబోతుంటే చాచా చేతులకు బూడిద రుద్దుకుంటూ మెల్లగా అన్నాడు. "నువ్వు చెప్తవని నేను చాయ్‌కి పోలేదు బేటీ. నీ మొకం జూస్తె లోపల ఏదో ఉన్నదని తెలిసింది. సప్పుడుజెయ్యక తీసి ఆడ పెడ్తవనుకున్న. చెప్పుడు మాత్రం నీ సొంతం."

ఆ సాయంత్రం మామ నాతో మాట్లాడలేదు. అన్నం దగ్గర కూడా తల ఎత్తలేదు. ఇంజను బాగుపడితే మామ ఉంటాడని సంతోషించాలో, ఉన్న మామ నాతో మాట్లాడడని ఏడవాలో తెలియక పడుకున్నాను.

ఇప్పటికీ ఏదైనా మూసేటప్పుడు నా చెయ్యి కాస్త ఆగుతుంది. ఊరగాయ జాడీకి గుడ్డ కట్టేటప్పుడైనా సరే, నలుగురు కూర్చుని ఒక మాట అనుకుని లేచేటప్పుడైనా సరే. ఆ నలుగురిలో నోరు తెరవని మనిషి ఎవరా అని చూస్తాను. ఉంటే వాళ్ళను అందరి ముందూ అడగను. నీళ్ళు తాగి వస్తానని లేస్తాను. వాళ్ళకు కాస్త సమయం దొరుకుతుంది. ఇది నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఆ రాత్రికి రాత్రే ఇంజనును మళ్ళీ బండిలో బిగించారు. మరునాడు పొద్దున లారీ కదిలింది. చాచా ఇంజను మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు విని, "పో" అన్నట్టు తల ఊపాడు. అమ్మమ్మ గడపలో నిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. నేను ఆమె వెనక దాక్కున్నాను. బస్తాలు నింపుకుని వచ్చిన లారీ మా వాకిటి ముందు ఆగింది. మామ ఇంజను ఆపకుండానే తల బయటికి పెట్టి, అమ్మమ్మ భుజం మీదుగా నన్ను వెతికి పట్టుకుని నవ్వాడు.

"ఏమే కోడలా, దుబ్బాకల నీకేం కొనుక్క రావాలె? గట్టిగ చెప్పు, గీ సప్పుడుల నాకు ఇనవడాలె!"