గర్భసంచితో పాటు తీసేసినవి

నలభయ్యో ఏట నాకు ఆపరేషన్ అయింది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర బయట అంటుకుని పెరిగే జబ్బు చాలా ఏళ్లుగా ఉండేది. చివరికి గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. ఆరు వారాల తర్వాత హైటెక్ సిటీలో మా ఆఫీసుకి తిరిగి వెళ్లాను. నొప్పి పోయింది. దాని తర్వాత ఏమేం వస్తాయో డాక్టర్లు చెప్పే ఉంటారు. నేను విన్నట్టు గుర్తులేదు.

మొదట వచ్చింది వేడి. మీటింగులో మాట్లాడుతుండగా ఛాతీలో మొదలై మెడ మీదుగా ముఖానికి పాకేది. రెండు నిమిషాల్లో కుర్తా వీపుకి అతుక్కుపోయేది. ఆ వెంటనే చలి. పక్కవాళ్లు స్వెట్టర్లు వేసుకునే ఏసీలో నేను చెమట తుడుచుకుంటుంటే, "ఒంట్లో బాగానే ఉందా?" అని మా మేనేజరు చాట్‌లో అడిగాడు. బొటనవేలి బొమ్మ పంపాను. తర్వాత పేర్లు మరిచిపోవడం మొదలైంది. తొమ్మిదేళ్లుగా నేనే చూసుకుంటున్న ఒక ప్రాజెక్టు పేరు అందరి ముందూ గుర్తు రాక, "అదే, ఆ పాతది" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

వేడి వచ్చినప్పుడల్లా బాత్రూముకి వెళ్లి మణికట్లు కుళాయి కింద పెట్టి నిలబడేదాన్ని. మా అంతస్తు శుభ్రం చేసే ఆమె అక్కడే ఉండేది. మూడేళ్లుగా రోజూ చూస్తున్నా, "గుడ్ మార్నింగ్" తప్ప మా మధ్య మాటల్లేవు. ఒకరోజు ఆమె ప్యాంట్రీలోంచి గ్లాసు నిండా ఐసు ముక్కలు తెచ్చింది.

"మెడ ఎనుక వెట్టుకోండి మేడం. జర సేపట్ల తగ్గుతది."

"నీకెలా తెలుసు?"

"నాకు గూడ గిట్లనే అయితది. ఎనిమిదేండ్ల సంది."

నా ఈడుదే అనుకున్నాను. ఆమెకి ముప్పై నాలుగు. వాళ్లది పాలమూరు వైపు. భర్త కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటు వాచ్‌మన్. రెండో కాన్పు తర్వాత కడుపునొప్పి అని ఊరి దగ్గర దవాఖానకి వెళ్తే, ఇరవై ఆరేళ్లకే ఆపరేషన్ చేశారు.

"గర్భసంచి ఖరాబైంది, ఉంచితె క్యాన్సర్ అయితదన్నరు. మా యారాలుకు గూడ తీసిండ్రు. మా దిక్కు శానా మందికి లేదు మేడం."

యారాలంటే తోటికోడలు. చెబుతున్నప్పుడు ఆమె గొంతులో ఏ మార్పూ లేదు.

"మరి ఈ వేడికి ఎవరికీ చూపించుకోలేదా?"

"మజ్జిగ తాగుమన్నరు. తాగుతున్న."

ఆ వారమే నేను కొత్తగూడలో ఒక హార్మోన్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. అందరూ ఆడవాళ్లే ఉంటారనుకున్నాను. నాకెదురుగా ముప్పై దాటిన ఒకతను భార్యతో కూర్చున్నాడు. నర్సు వచ్చి, "టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ ఎవరికండి?" అని హాలంతా వినపడేలా అడిగింది. అతను చెయ్యెత్తి, తల వంచుకుని లోపలికి వెళ్లాడు. భార్య ఫోను చూసుకుంటూ ఉండిపోయింది.

డాక్టరు పెద్దావిడ. ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా, నాకెప్పుడైనా కాళ్లలో రక్తం గడ్డ కట్టిందా, అన్నీ అడిగి రాసుకున్నారు.

"మామూలుగా కొన్నేళ్ల మీద నెమ్మదిగా తగ్గాల్సిన హార్మోను మీకు ఒక్కరోజులో ఆగిపోయిందండి. ఆ లోటు బయటి నుంచి పూడుస్తాం. సహజంగా ముట్లు ఆగే వయసు దాకా వాడదాం, తర్వాత మళ్లీ ఆలోచిద్దాం."

రోజూ చేతికి రాసుకునే ఈస్ట్రోజెన్ జెల్ ఇచ్చారు. నెల తిరిగేసరికి వేడి చాలావరకు తగ్గింది. నిద్ర వచ్చింది. పేర్లు కొన్ని తిరిగొచ్చాయి, అన్నీ కాదు.

అప్పుడు నేనొక పొరపాటు చేశాను. నా దగ్గరున్న రెండో ట్యూబు ఆఫీసులో ఐసు తెచ్చిచ్చిన ఆమెకిచ్చి, ఎలా రాసుకోవాలో చూపించాను. మంచి పని చేశాననే అనుకున్నాను. తర్వాతి సారి వెళ్లినప్పుడు డాక్టరుకి ఆ సంగతి కాస్త గర్వంగానే చెప్పాను. ఆవిడ రాయడం ఆపేశారు.

"ఆమె రొమ్ముల్లో గడ్డలేమైనా ఉన్నాయేమో ఎవరైనా చూశారా? అండాశయాలు ఉన్నాయో లేవో తెలుసా? మీ మందు ఇంకొకరికి ఎలా ఇస్తారండి? ముందు అది వెనక్కి తీసుకోండి. ఆమెని ఇక్కడికి పంపండి."

మర్నాడు ట్యూబు అడిగితే ఆమె బ్యాగులోంచి తీసి ఇచ్చేసింది.

"మీకే తక్కువైందా మేడం?"

అది కాదని అర్థమయ్యేలా చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

శనివారం ఆమె భర్తతో క్లినిక్‌కి వచ్చింది, ఇస్త్రీ చీర కట్టుకుని. నేనూ రావాలంది. స్కానింగులో రెండు అండాశయాలూ లేవని తేలింది. ఎముకల స్కాను చూసి, అరవై దాటినవాళ్ల ఎముకల్లా ఉన్నాయన్నారు డాక్టరు.

"గవి గూడ తీసిండ్రని నాకెవ్వలు జెప్పలే," అంది ఆమె.

భర్త స్కాను కాగితాలు తీసుకుని తిరగేశాడు. తర్వాత, "గంత అవసరముండెనా మేడం?" అని అడిగాడు.

"అప్పటి రిపోర్టులు చూడకుండా చెప్పలేనయ్యా," అన్నారు డాక్టరు. రిపోర్టులు వాళ్ల దగ్గర లేవు.

పరీక్షలన్నీ అయ్యాక ఆమెకి ఈస్ట్రోజెన్ మాత్రలు, కాల్షియం రాశారు. నాలుగు నెలలు వాడింది. ముఖం తేటపడింది. తర్వాత ఒకరోజు కారిడార్లో తుడుపుకర్ర పట్టుకుని, చెమటలు కక్కుతూ నిలబడి ఉంటే చూసి అడిగాను.

"గోలీలు బంద్ వెట్టిన మేడం. గవి వాడితె క్యాన్సర్ వస్తదని మా యారాలు అంటున్నది. నాకు పరేషాన్ అయింది."

క్యాన్సర్ మాట చెప్పే ఒకసారి ఆమె ఒంట్లోంచి అవయవాలు తీసేశారు. ఆమె భయపడటంలో తప్పేముంది? నచ్చజెప్పబోయి మానేశాను. మందుల విషయంలో నా తెలివి ఎంతో అప్పటికే తెలిసింది.

"నేను చెప్పేదానికంటే నువ్వే వెళ్లి డాక్టరుని అడుగు," అన్నాను.

ఆ తర్వాత ఆమెని వేరే బిల్డింగుకి మార్చారు. ఫోను నెంబరు నేనెప్పుడూ అడగలేదు.

కొన్ని నెలలకి క్లినిక్‌లో కనిపించింది. పక్కన ఇంకో సన్నటి మనిషి, ఒళ్లో ఫైలు.

"మా యారాలు," అని పరిచయం చేసింది. తను మళ్లీ మాత్రలు వేసుకుంటోందట. డాక్టరుని గంటసేపు ప్రశ్నలడిగి మరీ మొదలుపెట్టిందట. ఎముకలు పెద్దగా బాగుపడలేదు కానీ అంతకంటే పాడవలేదన్నారని చెప్పింది. పక్కామె మాత్రం గోడ మీది బొమ్మల్లో ఆడమనిషి పొట్టని దీక్షగా చూస్తోంది.

"మీది ఎన్నో నెంబరు మేడం?"

"పద్నాలుగు."

"మాది తొమ్మిది," అని నవ్వి, యారాలి భుజం తట్టి లేపింది. లోపలి నుంచి పిలుస్తున్నారు.