మామ టెంకాయ, వదిన వైఫై

ఈ ఉదయం కర్నూలులో కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ల్యాప్‌టాప్ తెరిచేసరికి తెర మూలన చిన్న గడి ఒకటి పైకి లేచింది. కొత్త అప్‌డేట్ వచ్చింది, ఇప్పుడే ఎక్కించాలా, తర్వాతా అని అడుగుతోంది. కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం నాది కాబట్టి ఇప్పుడే అనాలి. ఆఫీసులో అందరికీ నేను చెప్పేదీ అదే. వేలు మాత్రం 'తర్వాత' మీదికి పోయి ఆగింది. ఎర్రగుంట్ల దగ్గర మా మేనమామ ఇంట్లో గడిపిన ఒక వేసవి గుర్తొచ్చింది.

ఆ ఇంట్లో నేలా బండే, అలమరలూ బండే, పైకప్పూ బండే. నాపరాయి తవ్వే చోట ఇల్లు కట్టుకుంటే ఇటుక కొనేవాణ్ని పిచ్చివాడంటారు. మిట్టమధ్యాహ్నం చొక్కా విప్పి నేలమీద పడుకుంటే వీపుకు తగిలే ఆ చల్లదనం ఏ యంత్రమూ ఇవ్వలేదు. ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి వీచిన రోజున కిటికీ చువ్వల మీద సన్నటి సిమెంటు దుమ్ము పేరుకునేది. అత్త దాన్ని తుడుస్తూ గాలినీ, సర్కారునూ కలిపి తిట్టేది. మామ సేద్యగాడు. అంతకుమించి చుట్టుపక్కల ఊళ్లలో బోరు పాయింటు చూసే మనిషిగా పేరు. పీచు వలిచిన టెంకాయను అరచేతిలో పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి, చేన్లో అటూ ఇటూ నడుస్తాడు. కింద నీళ్లున్న చోట టెంకాయ తనంతట తానే లేచి నిలబడుతుంది. మాకు ఇది వింత కాదు. బోరు లారీని పిలిచే ముందు టెంకాయ పట్టించని రైతును నేను చూడలేదు. వింతేమిటంటే, ఊరందరి చేలల్లో నీళ్లు చూపిన మామకు సొంత చేన్లో వేసిన బోర్లన్నీ తెల్లటి రాతిపొడినే కక్కాయి.

మామ కూతురు నాకంటే పెద్దది, వరుసకు వదిన. ఎర్రగుంట్లలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. ఆ బడి మూతపడింది. ఇంటినుంచే కంప్యూటర్‌లో పిల్లలకు పాఠాలు చెప్పించే ఒక సంస్థవాళ్లు ఆమెను డెమో క్లాసు చెప్పమన్నారు. మొదటిసారి క్లాసు మధ్యలో వైఫై తెగిపోయింది. రెండోసారీ అంతే. ఇంకొక్కసారి చూస్తామనీ, అదే ఆఖరుదనీ వాళ్లు తేల్చి చెప్పారు. వదిన అన్నం దగ్గర మాటలు తగ్గించింది. అది చూసి మామ నాకు ఫోన్ చేశాడు. "అల్లుడా, నువ్వు చదివిన చదువుకు ఇది లెక్కా? వచ్చి చూసి పోప్పా" అన్నాడు. లెక్క కాదనే నేనూ బయలుదేరాను.

నాకొక అలవాటుంది. ఏ జబ్బునైనా ముందు రెండు ముక్కలుగా కోస్తాను: తప్పు ఇంటి వైపుందా, యంత్రం వైపుందా? ల్యాప్‌టాప్ కాసేపు బాగానే నడిచి, ఉన్నట్టుండి తెగి, అర నిమిషానికి తానే మళ్లీ అతుక్కునేది. అదే గదిలో అదే వైఫై మీద వదిన ఫోను ఒక్కసారి కూడా తెగలేదు. కాబట్టి ఇల్లు నిర్దోషి. సరేనని ల్యాప్‌టాప్‌ను కర్నూలుకు తెచ్చి మా గదిలో రోజంతా నడిపాను. ఒక్కసారీ తెగలేదు. కాబట్టి ల్యాప్‌టాప్ కూడా నిర్దోషి! ఇద్దరు ముద్దాయిలూ విడుదలయ్యాక మిగిలింది నేనే. తిరిగి ఎర్రగుంట్లకు తెచ్చి ముందు గదిలో, రౌటర్ కిందే పెట్టాను. పది నిమిషాలైనా కాలేదు, తెగింది.

తప్పించుకునే దారులన్నీ వరుసగా వెతికాను. నేరుగా తీగ పెడదామంటే ఆ పలచని ల్యాప్‌టాప్‌కు తీగ దూర్చే చోటే లేదు. ఫోన్ డేటాతో నడుపుదామంటే ఆ బండల మధ్య ఫోన్ మాట్లాడాలన్నా మిద్దె ఎక్కాలి. తెగని వదిన ఫోన్‌లోనే చెబుదామంటే సంస్థవాళ్ల ప్రోగ్రాం ఫోన్‌లో నడవదు. నా ల్యాప్‌టాప్ ఇద్దామంటే అది ఆఫీసుది, ఆ ప్రోగ్రాంను లోపలికి రానివ్వదు. రౌటర్ ఆపి పెట్టాను, సెట్టింగులు తిప్పాను, డ్రైవర్ ప్రోగ్రాం తీసి మళ్లీ వేశాను. వదిన గడప మీద కూచుని చూస్తూ, "ఏమప్పా ఇంజనీరూ, పొద్దన్నుంచీ దాన్ని నువ్వు చూస్తాండావా, అది నిన్ను చూస్తాందా?" అంది. అత్త దృష్టిలో అది వట్టి దిష్టి. "పెట్టిచ్చిన కాణ్నుంచి అందరూ వచ్చి చూసి పోతాండారు. తగలకుండా యాడికి పోతాది?" అని రౌటర్ చుట్టూ ఉప్పూ మిరపకాయలూ తిప్పింది. మామ అనుమానం ఇంకా లోతుగా పోయింది. "పక్కింటాయప్ప గూడా మొన్న పెట్టిచ్చుకున్యాడు. వాళ్లది లోతుగా యేసింటారు అల్లుడా. మనది గుంజుకుంటాంది." వైఫై బోరు కాదంటూ మళ్లీ సెట్టింగుల్లో దూరాను.

క్లాసుకు ముందు రోజు మధ్యాహ్నం మామ చెప్పులు విడిచి, పీచు వలిచిన టెంకాయ పట్టుకుని ఇంట్లోకి వచ్చాడు. వదిన నుదురు కొట్టుకుంది.

"ఊరందరికీ నీళ్లు చూపిచ్చి మన చేన్లో దుమ్ము లేపినావు. ఇప్పుడు నా ఉద్యోగం మీద పడినావా నాయనా?"

"కంటికి కనపడకుండా పారేదే గదమ్మా అదీ ఇదీ. యాడ ఉండాదో దీనికి తెలుస్తాది. తెలీకుంటే పోయేదేముండాది? చట్నీకి అయితాది."

ముందు గదిలో టెంకాయ కదల్లేదు. వంటింట్లో కదల్లేదు. ఇంటి వెనక, శనక్కాయల మూటలు పెట్టే చీకటి గదిలో అడుగుపెట్టగానే మామ చేతిలో అది మెల్లగా లేచి నిలబడింది. రౌటర్‌కు అన్నిటికంటే దూరమైన గది అది. మధ్యలో బండ గోడలు. నా చదువు ప్రకారం ఇంట్లో ఇంతకంటే చెడ్డ చోటు లేదు. మామ మాట తీసేయలేక ల్యాప్‌టాప్‌ను ఒక మూట మీద పెట్టాను. సిగ్నల్ గీతల్లో ఒక్కటే వెలిగింది. ఇక తెగుతుంది చూడండి అన్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాను. తెగలేదు. పొద్దు వాలినా తెగలేదు. ముందు గదికి మారిస్తే గీతలన్నీ నిండాయి, కాసేపటికే తెగింది. వెనక్కి తెస్తే ఒక్క గీతతో నిలబడింది. నిండుగా ఉన్నచోట తెగడం, కొద్దిగా ఉన్నచోట నిలవడం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

కారణం తెలియకుండా క్లాసు అక్కడ పెట్టకూడదని వాదించాను. ఎందుకు నిలుస్తోందో తెలియనిది ఎప్పుడు తెగుతుందో కూడా తెలియదు కదా అన్నాను. 

"నీ కారణం నువ్వు నిదానంగా ఎతుక్కో. నాకు రేపు క్లాసుండాది" అని, వదిన మూటలు పక్కకు జరిపి చాప పరిచింది.

మర్నాడు అత్త మిక్సీ ముట్టుకోలేదు. మామ వీధి తలుపు దగ్గర కాపలా నిలబడి గొర్రెల మందను కూడా మెల్లగా తోలుకుపొమ్మన్నాడు. నేను చీకటి గది బయట గోడకు ఆనుకుని ఉన్నాను. లోపల వదిన ఎక్కడో ఉన్న ఒక పాపకు భిన్నాలు చెబుతోంది. "రొట్టెను నాలుగు చేసినాం. ఒకటి నువ్వు తిన్నావు. ఇంకెంత ఉండాది చెప్పు?" ఆ తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం పాప ఆలోచిస్తున్నందుకో, వైఫై తెగినందుకో బయటి నుంచి తెలిసే వీలు లేదు.  "కాదు, బాగా చూడు" అని మళ్లీ వదిన గొంతు. మళ్లీ నిశ్శబ్దం. అలా క్లాసంతా ప్రతి నిశ్శబ్దానికీ ఒకసారి చచ్చి, ప్రతి మాటకూ ఒకసారి బతికాం. చివరికి వదిన తలుపు తీసింది. జాకెట్టు చెమటకు తడిసిపోయింది, కొంగుకు శనక్కాయ పొట్టు అంటుకుని ఉంది. "సోమవారం నుంచి రమ్మన్యారు" అంది. ఎక్కడికీ వెళ్లనక్కర్లేని ఉద్యోగానికి రమ్మనడమేమిటని ఎవరికీ తోచలేదు. అత్త ఏడ్చింది.

కారణం నాకు తర్వాతెప్పుడో తెలిసింది. మా ఆఫీసులో ఇంకొక ల్యాప్‌టాప్‌కు అదే జబ్బు వచ్చింది. దాంట్లోనూ సిగ్నల్ అందుకునే వైఫై కార్డు అదే. కార్డు లోపల దాన్ని నడిపే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుంది, ఫర్మ్‌వేర్ అంటారు. ఒక అప్‌డేట్‌తో పాటు వచ్చిన కొత్త ఫర్మ్‌వేర్‌లో లోపముంది. రౌటర్ సిగ్నల్‌ను రెండు దారుల్లో పంపుతుంది. వేగంగా పోయే దారి గోడలు దాటలేదు, నిదానంగా పోయేది దాటుతుంది. వేగం దారి పట్టినప్పుడల్లా ఆ కార్డు మూర్ఛపోయి లేచేది. బండ గోడల వెనక ఆ దారి అందదు. కర్నూలులో మా పాత రౌటర్‌కు ఆ దారే లేదు. ఎర్రగుంట్ల వెళ్లి పాత ఫర్మ్‌వేర్ ఎక్కించాక ముందు గదిలోనూ తెగడం ఆగింది. ఇదంతా విడమరిచి చెబితే మామ శ్రద్ధగా విని, "నేను చెప్పిందీ అదే గదప్పా" అన్నాడు. ఏది అదేనో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. చుట్టూ బండ గోడలున్న గదులు ఆ ఇంట్లో ఇంకా ఉన్నాయి. టెంకాయ వాటిలో ఎందుకు లేవలేదో కూడా అర్థం కాలేదు.

ఆ కారణం తెలిసింది ఏ రోజో, ఆ రోజు ఇంకేం చేశానో ఎంత తలచుకున్నా గుర్తుకు రాదు. ఏమీ తెలియక గోడకు ఆనుకుని నిలబడ్డ ఆ ఉదయం మాత్రం, పాప జవాబు కోసం వదిన ఆగిన ప్రతి విరామంతో సహా, ఇన్నేళ్లయినా నాలో ఇంకా పూర్తిగా గడిచిపోలేదు.