మా తాత పులిగోరు కేసు

మా తాత మెడలో నల్లతాడుకు ఒక పులిగోరు వేలాడేది. భద్రాచలం అడవి అంచున ఉన్న వాళ్ల ఊళ్లో ఆయన దగ్గరే కాదు, చాలా ఇళ్లలో అలాంటిది ఉండేది. అన్నీ ఒకే పులివట. నవాబుల కాలంలో వేటకొచ్చిన ఒక తెల్లదొర మంచె మీద కూర్చుని కొట్టిన పులి. ఊరి మగవాళ్లంతా డప్పులు, డబ్బాలు వాయిస్తూ దాన్ని మంచె దగ్గరికి తోలారు. అందరికంటే ముందు నడిచింది తాతవాళ్ల నాన్న. ఊళ్లో ఉన్న గోళ్లు చూస్తే ఆ పులికి కాళ్లు ఎన్ని ఉండేవోనని నాకు అనుమానం వచ్చేది. పైకి అంటే తాత అలుగుతాడని అనేదాన్ని కాదు.

"మా నాయన లేకుంటే ఆ దొర పులి తోకగూడ సూడకపోయేటోడు," అనేవాడు తాత. ఆయన చెప్పే కథలో దొర తుపాకీ ఒక్క ముక్కలో పేలి ఊరుకునేది. వాళ్ల నాన్న డప్పు మాత్రం కంచంలో అన్నం చల్లారేదాకా మోగేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా బాబు పుట్టువెంట్రుకలు తీయించడానికి భద్రాచలం వెళ్లి, వస్తూ తాత దగ్గర ఆగాం. పిల్లాడికి దడుపు రాదని తాత ఆ గోరు తీసి వాడి మెడలో కట్టబోయాడు. మా ఆయన ముఖం పాలిపోయింది. ఖమ్మంలో ఆయనది సర్కారు కొలువు. పులిగోరు ఉంటే జైలేనని ఆ మధ్యే పేపర్లో చదివాడు.

"తాతా, కేసైతే నా నౌకరీ పోతది."

"మా నాయన సంపాదించింది. దొంగసొత్తు గాదు. పా, ఆఫీసరుకే సూపిద్దాం. పులిని కొట్టింది దొర, జైలుకు నేనా? అడుగుత."

మర్నాడు ముగ్గురం ఫారెస్టు ఆఫీసుకు వెళ్లాం. తాత ఉతికిన ధోవతి కట్టుకుని, ఎందుకైనా మంచిదని ఇంకో జత బట్టలు తువ్వాలలో మూటగట్టుకున్నాడు.

రేంజరు గోరును వెలుతురులో పట్టుకుని చూశాడు, గోకాడు, నవ్వాడు. "పెద్దాయనా, ఇది పులిది కాదు. కొమ్ముతో చెక్కింది. కేసు లేదు, ఏం లేదు. ఇంటికి పో."

మా ఆయన రేంజరుకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. తాత కదల్లేదు. "మంచిగ సూడు సారూ. పులిదే. కేసు రాయి."

కేసు పెట్టమని బతిమాలే ముద్దాయిని ఆ రేంజరు అంతకుముందు చూసి ఉండడు. టీ తాగించి పంపాడు.

ఇంటికొచ్చాక తాత అన్నం ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నాళ్లూ లోలోపల నవ్వుకున్నదాన్ని, ఆ వీపు చూసి ఏడుపు ఆపుకోలేకపోయాను. అప్పుడు అమ్మమ్మ వెళ్లి ఆయన పక్కన కూర్చుంది.

"చెప్తే నీ పాణం ఉసూరుమంటదని ఇన్నేండ్లు చెప్పలే. మా అత్త నాకు చెప్పింది. పులి పడంగనే దొర మనుషులు గోళ్లు, మీసాలు లెక్కవెట్టి పట్కపోయిండ్రంట. మీ నాయనకు ఒక్కటి గూడ ఇయ్యలే. పులికి ఎరగ కట్టేసింది మన ఇంటి దున్నపోతునే. దాని కొమ్ములు మిగిలినయ్. మీ నాయన ఆ కొమ్ములే చెక్కి, డప్పు కొట్టినోళ్లందరికి పంచిండు. పెద్దోళ్లకు ఎరుకే. పిల్లలకు చెప్పలే."

తాత మెల్లగా ఇటు తిరిగాడు.

"ఆ దున్నపోతును అమ్మినమని చెప్పిండ్రు నాకు," అన్నాడు. "దాని మీద ఎక్కి వాగుకు పోయేటోణ్ణి. ఎన్ని దినాలు ఏడ్సిననో."

అరచేతిలో ఉన్న గోరును బొటనవేలితో కాసేపు నిమిరాడు. లేచి కూర్చుని బాబును ఒళ్లోకి తీసుకున్నాడు.

"పులిదైతే దొరదే అయ్యేది. ఇది మనది," అన్నాడు మా ఆయనతో. "ఇప్పుడు కట్టొచ్చునా?"

మా ఆయనే తాడు అందుకుని ముడి వేశాడు.