గోలలో కలిసిపోయిన జవాబు

రోజూ పొద్దున ఒకే వేళకు పలకరించే స్నేహితుడి మాట ఉన్నట్టుండి గోలలో మునిగిపోతే, మీరు ముందుగా ఎవరిని అనుమానిస్తారు? నేను మగ్గాలను అనుమానించాను. సూరత్‌లో, అదీ వడోద్‌లో మరమగ్గాల నడుమ కాపురముంటూ ఇంకేం తోస్తుంది?

నాకు హజీరాలో ఉద్యోగం. ఇంట్లో, దూరపు ఊళ్లతో మాట కలిపే హామ్ రేడియో, మేడ మీద దానికో పొడవాటి తీగ. సిరిసిల్లలో నా స్నేహితుడికీ అలాంటిదే ఉండేది. అతను పూజ చేయనిదే పచ్చి మంచినీళ్లు ముట్టడు. నేను దేవుడు లేడని సభల్లో అరిచేవాణ్ణి. ఏళ్ల తరబడి రేడియోలో తగవులాడుకున్నాం. గొంతు క్యాన్సర్‌కు ఆపరేషనై అతని మాట పోయాక, మోర్స్ చుక్కలతో, గీతలతో తగవులాడుకున్నాం.

ఒకనాడు అడిగాను: "గొంతు కాపాడని దేవుడికి ఇంకా దండం ఎందుకు?"

"రేపు చెబుతా," అని కొట్టాడు.

ఆ రేపటి నుంచే గోల. రేడియో పెడితే చాలు, రంపంతో రేకు కోసినట్టు ఒకటే మోత. అడుగున అతని టకటకలు ఉన్నాయని తెలుస్తోంది, అక్షరాలు అందడం లేదు. "వినబడలేదు, మళ్లీ చెప్పు" అని రోజూ కొట్టేవాణ్ణి. ఫోన్‌లో రాయమంటే, "గాలిలో అడిగావు, గాలిలోనే వినాలి" అని జవాబిచ్చాడు. మొండివాడు.

మా ఇంటి మెయిన్ ఆపేసి బ్యాటరీ మీద విన్నాను. గోల తగ్గలేదు. అంటే అది మా ఇంట్లోది కాదు. మగ్గాలు ఆగిన సెలవు రోజునా ఉంది. అంటే మగ్గాలదీ కాదు. చిన్న ట్రాన్సిస్టర్ పట్టుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పుతూ, మోత పెరిగే వైపుకు గల్లీలో నడిచాను. అది నన్ను పక్కింటి గుమ్మంలో నిలబెట్టింది.

మాలాగే తెలంగాణ నుంచి వలస వచ్చిన ఆ ఇంటాయన మగ్గం మీదే పక్షవాతంతో పడిపోయి మంచం పట్టాడు. దేవుడి గూట్లో, కరెంటు వైరు తగిలించిన చిన్న ఇత్తడి డబ్బా ఎర్రగా మిణుకుతోంది.

"గదేంది చెల్లె?"

"నీ తీగకు విరుగుడు," అంది ఆ ఇల్లాలు. "నువ్వు గా తీగ కట్టినకాంచే మా ఆయన పడ్డడని గల్లీల అందరంటున్నరు. ఒక సాధు మహారాజ్ ఒచ్చి గీ యంత్రం ఇచ్చిండు. దిష్టి గుంజుకుంటదట."

"జర బంద్ చెయ్యి, చూస్త."

"బంద్ జేస్తే ఆయనకేమన్నైతే జిమ్మేదారి నువ్వా?" అని, గూటికి అడ్డంగా నిలబడి, "దేవుడు లేడంటవు గద అన్నా. మరి పొద్దుగాల లేచి గా టక్‌టక్ ఎవలికి గొడ్తున్నవ్?" అంది.

నా స్నేహితుడి సంగతి చెప్పాను. మాట పోయిన మనిషి అనేసరికి మంచం వైపు చూసింది. ఆమె మొగుడికీ మాట లేదు. కానీ డబ్బా ఆపడానికి మాత్రం ఒప్పుకోలేదు. వాదించడానికి నాకు తీరిక లేదు. ఎక్కువసేపు ఆపకుండా బాగుచేసి ఇస్తానని బతిమాలితే, రెండు రోజులు ఆలోచించి, తన ఎదుటే విప్పమంది.

లోపల కుంకుమ పూసిన రాగిరేకు, ఒక ఎర్ర బల్బు, దాన్ని వెలిగించి ఆర్పే నాసిరకం సర్క్యూట్. గోలంతా దానిదే. గోలను అణిచే ఓ కెపాసిటర్ అతికి, వైరును ఫెర్రైట్ రింగుకు చుట్టి మళ్లీ వెలిగించాను. ఊరూరా తిరిగి తిట్టిన సరుకును నా చేతులతోనే మరమ్మతు చేశాను.

"ఇగ మంచిగ పనిజేస్తదా?"

"ఎప్పట్లెక్కనే చేస్తది చెల్లె."

మర్నాడు రేడియోలో చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. అతను రాలేదు. ఆ మరుసటి రోజూ రాలేదు. సాయంత్రం అతని కూతురు ఫోన్ చేసింది.

"మీకు వినబడ్తలేదని నాన్న రోజూ గదే మళ్ల మళ్ల కొట్టిండు అంకుల్. ఒద్దంటె ఇనలే. మొన్న పొద్దుగాల గూడ కొట్టిండు. తర్వాత పండుకున్నడు, లేవలే."

"ఏం కొట్టాడమ్మా?"

"నాకు ఆ భాష రాదు గద."

నాకు తిరుగులేని జవాబే చెప్పి ఉంటాడేమో. అది విని నేను ఓడిపోయి ఉంటే ఎంత బాగుండేది.

ఆ మహారాజ్ మొన్న మళ్లీ మా గల్లీకి వచ్చాడు, సంచి నిండా డబ్బాలతో. రేపు మీ గుమ్మానికీ వస్తాడు. కొనకండి, తరమకండి. కూర్చోబెట్టి, అతని చేతికే స్క్రూడ్రైవర్ ఇచ్చి, మీ పిల్లల ముందు ఆ డబ్బా విప్పించండి.